నాలుగు బేస్ బాక్సులు, ఒక్క ఆంప్: బ్రిడ్జిల పెట్టొచ్చా? జనరేటర్ మీద ఏమేం చూసుకోవాలె?

దేవరకొండ_బేస్:

అన్నలకు నమస్తే. వినాయక చవితి లోపల సెటప్ సరిచేసుకోవాలె. నా సామాను ఇది.

సెకండ్ హ్యాండ్ రెండు చానళ్ల ఆంప్ (ఆంప్లిఫయర్), ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, బరువు 30 కిలోల దాకా ఉంటది. వెనుక రేకు మీద 8 ఓమ్‌కు చానల్‌కు 1000 వాట్లు, 4 ఓమ్‌కు 1600, బ్రిడ్జిల (రెండు చానళ్లు ఒక్కటిగ కలిసి పనిచేసినప్పుడు) 8 ఓమ్‌కు 3200 అని ఉన్నది. స్టీరియోల 4 ఓమ్ కంటె, బ్రిడ్జిల 8 ఓమ్ కంటె తక్కువ పెట్టొద్దని గూడ రాసిండ్రు. గేన్ (సిగ్నల్‌ను పెంచే లెక్క) 32 డీబీ.

18 ఇంచుల సింగిల్ బేస్ బాక్సులు నాలుగు. ఒక్కోటి 8 ఓమ్, 600 వాట్లు ఆర్‌ఎంఎస్. టాప్‌లు (పై స్వరాల బాక్సులు) వేరే చిన్న ఆంప్ మీద నడుస్తయి. స్పీకర్ వైర్ 1.5 చదరపు మిల్లీమీటర్లది, ఒక్కో దిక్కు 20 మీటర్లు. పెండ్లిండ్లకు ఇంటి కరెంటు, జాతరలకు 15 కేవీఏ త్రీ ఫేజ్ జనరేటర్.

ఇగ నా డౌట్లు. ఒకటి, నాలుగు బాక్సులు కలిపి బ్రిడ్జిల పెడితే డబుల్ సౌండ్ వస్తదంటున్నరు, పెట్టొచ్చా? రెండు, పాట జోరుగ ఉన్నప్పుడు ప్రొటెక్ట్ లైట్ వెలిగి సౌండ్ బందయితది, రెండు మూడు నిమిషాలకు దానంతట అదే వస్తది. మూడు, కరెంటు దిక్కు నుంచి ఆంప్‌ను కాపాడుకునుడు ఎట్ల?

పాలమూరు_ఓమ్:

తమ్మీ, నీ మొదటి డౌట్‌కు జవాబు ఆంప్ వెనుక రేకు మీదనే ఉన్నది. లెక్క చేసి చూస్తే బ్రిడ్జి మీద ఆశ పోతది.

8 ఓమ్ బాక్సులు రెండు పారలల్ కలిపితే 4 ఓమ్, నాలుగు కలిపితే 2 ఓమ్. బ్రిడ్జిల పెట్టినప్పుడు బయట కలిపిన లోడ్‌ల సగమే ఒక్కో చానల్‌కు కనబడతది. అంటే నాలుగు పారలల్ పెట్టి బ్రిడ్జి నొక్కితే ఒక్కో చానల్ 1 ఓమ్ మీద నడుస్తది. 4 ఓమ్‌కు తయారైన ఆంప్ మీద 1 ఓమ్ అంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గొంతు పిసికినట్టే. ప్రొటెక్షన్ మంచిదైతే బందయితది, లేకుంటె షార్ట్ అయితయి. షార్టయిన ట్రాన్సిస్టర్‌లకెల్లి డీసీ నేరుగ స్పీకర్ లోపలి కాయిల్‌లకు పోతది. ఆంప్‌తోని పాటు బాక్సులు గూడ పాయె.

సరే, ఓమ్ సరిపెడ్దామని రెండేసి సిరీస్ చేసి, ఆ రెండు జతలను పారలల్ చేసినవనుకో. మొత్తం మళ్ల 8 ఓమ్. బ్రిడ్జిల 3200 వాట్లు వస్తది, నాలుగింటికి పంచితే ఒక్కో బాక్సుకు 800. ఇప్పుడు మామూలు స్టీరియోల చానల్‌కు రెండు బాక్సులు పారలల్ పెట్టు. 4 ఓమ్‌కు 1600, రెండింటికి పంచితే ఒక్కోదానికి అదే 800! డబుల్ ఏడికెల్లి వస్తది? పైగా సిరీస్‌ల ఒక్క కాయిల్ తెగితే రెండు బాక్సులు మూగబోతయి, పారలల్‌ల అయితే ఒక్కటే పోతది.

ఇంకో ముచ్చట. బ్రిడ్జిల 3200 వాట్లు 8 ఓమ్‌కు పోవాలంటే టెర్మినల్ మీద 160 వోల్టులు ఉండాలె. ఇంటి కరెంటు లెక్కనే షాక్ కొడతది. స్టీరియోల 1600 వాట్లకు 80 వోల్టులు, అది గూడ చిన్నదేం గాదు. ఆంప్ ఆన్‌ల ఉన్నప్పుడు స్పీకర్ వైర్ పీకుడు, పెట్టుడు, వట్టి తీగను చేతితోని తిప్పుడు చెయ్యొద్దు. తెరిచి ఉన్న టెర్మినళ్ల కంటె స్పీకాన్ (స్పీకర్ వైర్ల ప్లగ్) మేలు, తీగ బయటికి కనబడది, తిప్పితె లాక్ పడతది.

కాబట్టి నీ కనెక్షన్: వెనుక స్విచ్ స్టీరియోల పెట్టు, చానల్‌కు రెండు బాక్సులు. రెండు చానళ్లకు ఒకటే మోనో సిగ్నల్ కావాలంటె పారలల్ స్థానం ఉంటది, అది ఇన్‌పుట్‌లనే కలుపుతది. ఆ స్విచ్‌ను మార్చేటప్పుడు ఆంప్ బంద్ ఉండాలె. రెండు చానళ్ల అవుట్‌పుట్‌లను వైర్ తోని మాత్రం ఎన్నడూ కలపొద్దు.

వైర్ సంగతి. 1.5 వైర్ మీటరుకు 0.0133 ఓమ్. 20 మీటర్లు పోయి రావాలె గనుక 40 మీటర్లు, అంటే 0.53 ఓమ్. 4 ఓమ్ లోడ్‌కు అందాల్సిన పవర్‌ల 22 శాతం తగ్గుతది. 2.5 వైర్ వేస్తె 0.32 ఓమ్, తగ్గేది 14 శాతం. 4 వైర్ అయితే 0.2 ఓమ్, 9 శాతం. వైర్ సన్నగుంటె బేస్ గూడ కుదురుగ ఉండది, కోన్‌ను ఆంప్ గట్టిగ పట్టలేదు. రాగి ధర చూసి భయమైతే ఆంప్‌ను బాక్సుల పక్కకు జరుపు. స్పీకర్ వైర్ 5 మీటర్లు చాలు, మిక్సర్ కాడికెల్లి వచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల సిగ్నల్) వైర్‌ను పొడుగు చెయ్యి. అసొంటి బ్యాలెన్స్‌డ్ వైర్ (రెండు తీగల మీద ఉల్టా సిగ్నల్ పంపి బయటి గోలను కొట్టేసేది) 50 మీటర్లున్నా ఏం గాదు.

రిపేర్_టేబుల్:

ప్రొటెక్ట్ లైట్ వెలిగి, రెండు మూడు నిమిషాలకు తనంతట తనే వస్తోందంటే అది వేడి. ప్రొటెక్ట్ రెండు రకాలుగా పడుతుంది. పాట పెట్టగానే టక్కున పడితే వైర్ షార్ట్ గానీ, అవుట్‌పుట్‌లో డీసీ గానీ, ఓమ్ తక్కువై గానీ ఉంటుంది. పావుగంట, అరగంట బాగా నడిచి అప్పుడు పడితే హీట్‌సింక్ కాలుతున్నట్టు.

వేడికి కారణాలు వెతకాల్సిన వరుస చెబుతాను. ముందు ఫ్యాన్. రెండూ తిరుగుతున్నాయా, గాలి ఎటు పోతోంది చూడండి. కొన్ని ఆంప్‌లు ముందు నుంచి పీల్చి వెనక్కి వదులుతాయి, కొన్ని దానికి ఉల్టా. రెండు రకాలను ఒకే ర్యాక్‌లో పెడితే ఒకటి వదిలిన వేడిని ఇంకొకటి పీలుస్తుంది. తర్వాత దుమ్ము. పాలమూరు, నల్లగొండ మట్టి రోడ్ల మీద ట్రాలీలో తిరిగే ఆంప్‌కు ఫిల్టర్ స్పాంజి రెండు మూడు ప్రోగ్రాంలకే మూసుకుపోతుంది. స్పాంజి తీసి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అతివేగానికి బేరింగ్ పోతుంది. మూత తీసే ముందు ప్లగ్ పీకేసి కనీసం పది నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత పెద్ద కెపాసిటర్ల మీద మీటర్ పెట్టి చూడాలి. ఈ సైజు ఆంప్‌లో ఒక్కో రైలు (లోపలి డీసీ సరఫరా లైన్) మీద నూరు వోల్టులు దాటి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి దింపడం పాత అలవాటు, మానుకుంటే కళ్లకు మంచిది.

మే నెల ఎండలో 43, 44 డిగ్రీలున్నప్పుడు ఆంప్ మీద టార్పాలిన్ కప్పడం చాలాచోట్ల కనిపిస్తుంది. నీడ కావాలి నిజమే, కానీ గుడ్డకూ ఆంప్‌కూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, వెనుక భాగం పూర్తిగా తెరిచి ఉండాలి. 30 కిలోల ఆంప్‌ను ముందు నాలుగు స్క్రూల మీదే ర్యాక్‌కు వేలాడదీస్తే గతుకులకు ముందు రేకు వంగుతుంది. వెనుక కూడా పట్టీలు వేయించండి.

ఇప్పుడు క్లిప్ లైట్. ఆంప్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగితే తరంగం కొసలు కోసుకుపోతాయి, దాన్నే క్లిప్ అంటారు. క్లిప్ అయితే స్పీకర్‌కు డీసీ పోతుందని చాలామంది అంటారు. అది తప్పు. పైన, కింద కోసుకుపోయిన తరంగం చతురస్రానికి దగ్గరవుతుంది. అదే ఎత్తున్న సైన్ తరంగంతో పోలిస్తే చతురస్రంలో పవర్ రెట్టింపు. కోన్ అంతే దూరం కదులుతుంది, కాయిల్‌కు మాత్రం విశ్రాంతి దొరకదు. 600 వాట్ల కాయిల్ అలా కాలుతుంది. లైట్ దెబ్బ దెబ్బకూ మిణుకుమంటే సరే, వెలిగే ఉంటే మాత్రం మిక్సర్ తగ్గించాల్సిందే. బేస్ నాబ్ 3 డీబీ పెంచితే ఆంప్ ఇవ్వాల్సిన పవర్ రెట్టింపు, 6 డీబీ పెంచితే నాలుగింతలు, 10 డీబీకి పదింతలు. 'కొంచెం బేస్ పెంచన్నా' అన్న మాట వెనుక ఈ లెక్క ఉంటుంది.

ఆంప్ ముందున్న నాబ్ పవర్‌ను తగ్గించదు, ఎంత సిగ్నల్‌కు ఆంప్ నిండాలో మాత్రమే నిర్ణయిస్తుంది. నాబ్ సగంలో పెట్టి 'సగం పవరే కదా' అనుకుని మిక్సర్‌ను ఎర్రలోకి నడిపితే, ఆంప్ లైట్ వెలగకపోయినా మిక్సరే క్లిప్ అయిన సిగ్నల్ పంపుతుంది.

మీకు నిజంగా కావాల్సింది లిమిటర్ (సిగ్నల్‌ను హద్దు దాటనివ్వనిది) ఉన్న డిజిటల్ క్రాసోవర్ (బేస్‌ను, పై స్వరాలను విడదీసే పరికరం). మీ సెటప్‌కు లెక్క ఇదీ: 600 వాట్లు, 8 ఓమ్ అంటే 4800కు వర్గమూలం, దాదాపు 69 వోల్టులు. 32 డీబీ గేన్ అంటే 40 రెట్లు. 69ని 40తో భాగిస్తే 1.74 వోల్టులు, అంటే +7 డీబీయూ (సిగ్నల్ వోల్టేజ్ కొలత). ఆంప్ నాబ్‌లు పూర్తిగా తెరిచి ఉంచి, బేస్ అవుట్‌పుట్ లిమిటర్‌ను అక్కడ పెట్టండి. అదే 26 డీబీ గేన్ ఆంప్ అయితే +13 దగ్గర పెట్టాలి. హై పాస్ (దాని కింది స్వరాలను ఆపేది) 35 హెర్ట్జ్, లో పాస్ (దాని పై స్వరాలను ఆపేది) 90 నుంచి 100, రెండూ ఆక్టేవ్‌కు 24 డీబీ వాలు. హై పాస్ లేకపోతే వినపడని కింది స్వరాలకు కోన్ ఊరికే ముందుకు వెనక్కు కొట్టుకుని, కాయిల్ గ్యాప్ దాటి వచ్చి గీసుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ కనుక ఇంకో పరీక్ష. బాక్సులు తగిలించకుండా, సిగ్నల్ లేకుండా ఆన్ చేసి, అవుట్‌పుట్ మీద మీటర్‌ను డీసీలో పెట్టి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిదే. వోల్టులలో చూపిస్తే బాక్స్ తగిలించొద్దు. ఫ్యూజ్ కూడా తీసి చూడండి, మీద రాసిన రేటింగే ఉందా, లేక సిగరెట్ రేకు చుట్టి ఉందా అని. అలా ఉంటే ఆ ఆంప్ లోపల ఇంకా ఏమేం జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

వైర్‌మన్_నల్లగొండ:

కరెంటు సంగతి నేను చెప్తా. ఆంప్‌ను చంపేది పాట కంటె ఎక్కువగ న్యూట్రల్.

త్రీ ఫేజ్‌ల న్యూట్రల్ వదులైతే గానీ ఊడితే గానీ, రెండు ఫేజుల లోడ్‌లు 400 వోల్టుల మీద సిరీస్ అయి కూసుంటయి. ఏ ఫేజ్ మీద లోడ్ తక్కువుంటె దాని మీద వోల్టేజ్ ఎక్కువ పడతది. అంటే పాట ఆపి, మైక్‌ల మంత్రాలు నడుస్తున్న టైంల ఆంప్ తక్కువ తాగుతున్నప్పుడే దాని మీద 300, 350 ఎక్కుతది. పొగ వచ్చేది అందుకే నిమ్మళంగ ఉన్నప్పుడు.

బోర్డు కాడ మూడు కొలతలు తియ్యాలె. ఫేజ్‌కు న్యూట్రల్‌కు 220 నుంచి 240. ఫేజ్‌కు ఎర్త్‌కు గూడ దాదాపు అంతే. న్యూట్రల్‌కు ఎర్త్‌కు రెండు మూడు వోల్టుల లోపల. ఖాళీ బోర్డు మీద కొలిస్తె సరిపోదు, వదులు న్యూట్రల్ ఖాళీగ ఉన్నప్పుడు మంచిగనే చూపెడతది. 1000 వాట్ల హాలోజన్ ఒకటి అదే సాకెట్ల వెలిగించి, వెలుగుతుండగ మళ్ల కొలువు. వోల్టేజ్ పది కంటె ఎక్కువ ఊగిందా, జాయింట్ వెతుకు. టెస్టర్ వెలిగింది గదా అని ఊకోవద్దు, టెస్టర్‌కు న్యూట్రల్ సంగతి తెల్వది.

ఓవర్ వోల్టేజ్ కటాఫ్ రిలే ఒకటి బోర్డుల పెట్టుకో, 265 కాడ కట్ చేసేటట్టు. సర్వో స్టెబిలైజర్ మెల్లగ తిరుగుతది, న్యూట్రల్ పోయినప్పుడు అది అందుకోదు.

నీ బేస్ ఆంప్ ఎంత తాగుతది? రెండు చానళ్లకు 3200. మామూలు పాటకు సగటున ఎనిమిదో వంతు పోతది అనుకుంటె లోపలికి తీసుకునేది 1500 వాట్ల చిల్లర, 6, 7 ఆంపియర్లు. డీజే బీట్ ఆగకుండ నడిస్తె మూడో వంతు దాకా పోతది, అప్పుడు 11, 12 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్ల చిన్న ప్లగ్ పెడితె కరుగుతది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 త్రీ కోర్ రాగి వైర్, సీ కర్వ్ (ఆన్ చేసినప్పటి గుంజుడును తట్టుకునే రకం) 16 ఎంసీబీ దానికొక్కదానికే. 50 మీటర్లు లాగాలంటె 4 వైర్. ఎక్స్‌టెన్షన్ చుట్టను చుట్టగనే ఉంచి నడపొద్దు, లోపల వేడికి ఇన్సులేషన్ అతుక్కపోతది, మొత్తం విప్పాలె. ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్‌లు ఆన్ చెయ్యంగనే ఒక్కసారి గుంజుతయి, అందుకే ఒకటి తర్వాత ఒకటి, మూడు నాలుగు సెకన్లు ఆగి వెయ్యాలె.

15 కేవీఏ త్రీ ఫేజ్ అంటే ఫేజ్‌కు 5 కేవీఏ, 21 ఆంపియర్లు. సౌండ్ మొత్తం ఒక్క ఫేజ్ మీద, లైట్లు మిగిలిన రెండింటి మీద. జనరేటర్ మీద ఆంపియర్ మీటర్ 16 దాటుతుంటె బేస్ తగ్గించు. ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపి, లైట్లు వేసి, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ నిలకడగ ఉన్నంక ఆంప్ వెయ్యి. డీజిల్ అయిపోయి ఆగేదాకా నడపొద్దు. ఆగే ముందు దగ్గుతది, అప్పుడు వోల్టేజ్ పడుతది లేస్తది. ట్యాంక్ పావు కాగానే ఆంప్ బంద్ చేసి పోయించున్రి.

చవితికి మండపం కనెక్షన్ అంటె టీజీఎస్పీడీసీఎల్ (మన దిక్కు కరెంటు కంపెనీ) టెంపరరీ సర్వీస్ తీసుకోవాలె. స్తంభం తీగలకు కొక్కెం తగిలించుడు దొంగ కరెంటే గాదు, వాన పడిందంటె ఇనుప పందిరి మొత్తం కరెంటు అయితది. బోర్డుల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితె కట్ చేసే స్విచ్) తప్పనిసరి. మన దిక్కు నేల గుండు రాయి, ఎండిన ఎర్ర మట్టి, రాడ్ ఒక అడుగు దించి ఎర్త్ అయిందనుకుంటె ఉత్తదే. తడి ఉండే జాగ చూసి ఆరు అడుగులన్న దించాలె, నీళ్లు పోసి కొలవాలె.

దేవరకొండ_బేస్:

మస్తు క్లియర్ అయింది అన్నలూ. ఇంకో రెండు. హమ్ (గుయ్యిమనే చప్పుడు) వస్తుంటె ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయమన్నరు, నిజంగనే పోతది హమ్. ఉంచుకోవచ్చా? ఊరేగింపుకు ట్రాక్టర్ ట్రాలీ మీద జనరేటర్ పెడితె ఎర్త్ ఎట్ల?

వైర్‌మన్_నల్లగొండ:

హమ్ పోతది, మనిషి గూడ పోతడు. లోపల ఫేజ్ తీగ ఒకటి బాడీకి తగిలితె ఆ కరెంటు పోవుడానికి ఎర్త్ ఒక్కటే తొవ్వ. అది తెంపితె ఎక్స్‌ఎల్‌ఆర్ షీల్డ్‌లకెల్లి మిక్సర్‌కు, అక్కడికెల్లి మైక్ పట్టుకున్నోని చేతికి వస్తది. ఎర్త్ పిన్ వాపస్ పెట్టు.

హమ్‌కు మందు సిగ్నల్ దిక్కు ఉంటది. మిక్సర్‌కు, ఆంప్‌లకు ఒకటే బోర్డు నుంచి కరెంటు ఇయ్యి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు, హమ్ ఆగితె చార్జరే, మధ్యల డీఐ బాక్స్ (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్ చేసే డబ్బా) పెట్టు. అయినా ఉంటె ఆంప్ దిక్కు ఎక్స్‌ఎల్‌ఆర్‌ల 1వ పిన్ షీల్డ్ విడదియ్యి, 2, 3 అట్లనే ఉంచు. ఇది బ్యాలెన్స్‌డ్ లైన్‌కే. ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పోతది.

ట్రాలీ టైర్లు రబ్బరు, నేలకు ఎర్త్ ఉండది. జనరేటర్ న్యూట్రల్‌ను దాని ఫ్రేమ్‌కు కలిపి, ఫ్రేమ్‌ను ట్రాలీ ఇనుముకు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతోని బోల్ట్ చేసి, ఆంప్‌ల ఎర్త్ మొత్తం ఆడికే తేవాలె. ఆ జాయింట్ తర్వాత ఆర్‌సీసీబీ. ఈ న్యూట్రల్ జాయింట్ లేకుంటె ఫాల్ట్ కరెంటుకు తిరుగు దారి ఉండది, ఆర్‌సీసీబీ పడనే పడది, టెస్ట్ బటన్ నొక్కితె పనిచేసినట్టే కనబడతది. ఇంటి కరెంటు మీదికి మార్చినప్పుడు ఆ జనరేటర్ జాయింట్‌తోని కలగలపొద్దు, చేంజోవర్ స్విచ్ ఉండాలె. బాక్సుల ఎత్తు 11 కేవీ తీగలకు దూరంగ ఉండేటట్టు చూసుకో, ఊర్లల్ల తీగలు కిందికి జారి ఉంటయి. కట్టెతోని తీగ లేపే పని ఎవ్వరు చెయ్యొద్దు.

సూర్యాపేట_మిక్సర్:

అన్నలు చెప్పనిది ఒక్కటి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు నడపకూడదు. ఇండ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. 18 ఇంచుల బేస్ నాలుగు పెట్టినంక 55 అన్నది నవ్వొచ్చే అంకెనే, కానీ పోలీస్ పర్మిషన్ కాయితం ముందే చేతిల ఉంచుకో. ఆన్ చేసే వరుస ఎవరూ రాయలేదు: ముందు మిక్సర్, తర్వాత క్రాసోవర్, చివర ఆంప్. బంద్ చేసేటప్పుడు దీనికి ఉల్టా. లేకుంటె మిక్సర్ 'టప్' అన్న చప్పుడు టాప్‌ల డయాఫ్రంకు తగులుతది.

దేవరకొండ_బేస్:

బాక్సులు చానల్‌కు రెండు పెట్టి, ఆంప్ దిక్కు వైర్ విప్పి మీటర్ పెట్టిన. ఎడమ 3.4, కుడి 6.5 ఓమ్ చూపెడుతుంది. రెండు దిక్కుల అదే 20 మీటర్ల 1.5 వైర్.

పాలమూరు_ఓమ్:

ఎడమ మంచిగనే ఉన్నది. 8 ఓమ్ బాక్స్ మీటర్ మీద డీసీల 5.5 నుంచి 6.5 చూపెడతది, రెండు పారలల్ అయితే 3 చిల్లర, దానికి వైర్‌ది అర ఓమ్ కలుస్తది. కుడి దిక్కు 6.5 అంటె ఒక్క బాక్సే తగులుతున్నది. బాక్స్ నుంచి బాక్స్‌కు పోయే జంపర్ వైర్ ముందు మార్చి చూడు, స్పీకాన్ లోపల 1+ స్క్రూ వదులు ఉంటది ఎక్కువసార్లు. అది గూడ మంచిగుంటె, రెండో బాక్స్ టెర్మినల్ మీద నేరుగ మీటర్ పెట్టు. ఏం చూపెట్టకుంటె కాయిల్ తెగింది. కాయిల్ మార్పించినంక 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను ప్లస్‌కు తాకించి చూడు, కోన్ ముందుకు రావాలె. లోపలికి పోతె వైర్లు ఉల్టా ఉన్నయి, పక్క బాక్స్ ఇచ్చే బేస్‌ను ఇది తినేస్తది.